వెనకున్నవాళ్లు మిమ్మల్ని నమ్మాలి

సైకిల్ తొక్కడం మనలో చాలామందికి చిన్నప్పుడే వచ్చేసింది. సీటు అందక, ఫ్రేము మధ్యలోంచి కాలు దూర్చి, గంటకింత అని అద్దెకు తెచ్చిన బండి మీద మోచేతులు గీరుకుపోతూ నేర్చుకున్న విద్య అది. మరిచిపోదామన్నా మరపు రాదు. కానీ పన్నెండుమంది వరసగా, ఒకరి వెనక ఒకరు, గంటకు పాతిక కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడు ఆ విద్య ఒక్కటే చాలదు. అక్కడ మీరు ఉన్నట్టుండి బ్రేకు వేస్తే కిందపడేది మీరు కాకపోవచ్చు, మీ వెనక మూడో మనిషి కావచ్చు.

హైదరాబాద్‌లో, విశాఖలో, విజయవాడలో, వరంగల్‌లో ఆదివారం తెల్లవారుజామున హెల్మెట్లు పెట్టుకుని గుంపుగా సాగే సైకిళ్లు ఇప్పుడు వింత కాదు. వాళ్లను చూసి మనమూ చేరితే బావుండుననుకునేవాళ్లు మూడు సందేహాల దగ్గర ఆగిపోతుంటారు. నాకంత ఓపిక ఉందా? వాళ్ల బండ్ల ముందు నా బండి ఆనుతుందా? ఈ వయసులో నన్ను చూసి నవ్వరు కదా? మూడింటినీ పక్కన పెట్టేయవచ్చు. గుంపు కోరేది ఒక్కటే: మీరు తర్వాత ఏం చేయబోతున్నారో వెనకున్నవాళ్లకు ముందే తెలియాలి. చెప్పిన వేళకు వచ్చి, నిలకడగా తొక్కి, చెప్పకుండా మాయం కాని మనిషికి ఏ క్లబ్బులోనైనా చోటు దొరుకుతుంది. ఆ నమ్మకాన్ని సంపాదించుకోవడం ఎలాగో ఈ అధ్యాయంలో చూద్దాం. ఇందులో సగం సైకిల్‌కు సంబంధించిన మెళకువలే. మిగతా సగం నలుగురితో కలిసి చేసే ఏ పనికైనా పనికొస్తుంది.

ఒంటరి పట్టుదల ఎందుకు చాలదు?

ఒంటరిగా తొక్కేవాళ్లకు అలారం మోగగానే తమతో తమకే బేరం మొదలవుతుంది. రాత్రి సరిగా నిద్ర పట్టలేదు, మబ్బు పట్టినట్టుంది, రేపు వెళ్తే పోలేదా అంటుంది మనసు. ఎదురు చెప్పేవాళ్లెవరూ లేరు కాబట్టి బేరం ఎప్పుడూ మంచానికి అనుకూలంగానే తెగుతుంది. అయిదున్నరకు నార్సింగి దగ్గర నలుగురు మీ కోసం నిలబడి ఉంటారని తెలిస్తే ఆ బేరం సాగదు. రావడం లేదని ఫోన్‌లో రాసి పంపడం కన్నా లేచి మొహం కడుక్కోవడమే సులువనిపిస్తుంది. సంకల్పం బలహీనమైన రోజున సంకల్పం పని చేసిపెట్టేది ఇచ్చిన మాట.

రెండో లాభం లెక్కలో కనిపిస్తుంది. పెద్దవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాలపాటు ఓ మోస్తరు శ్రమ ఉన్న వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. ఆదివారం గుంపుతో గంటన్నర, వారం మధ్యలో రెండు రోజులు అరగంట చొప్పున తొక్కితే ఆ కోటా పూర్తవుతుంది. ఆదివారం రైడ్‌లో వెనకబడకూడదన్న ఆలోచనే మిగతా రెండు రోజులూ మిమ్మల్ని బయటికి లాగుతుంది.

మూడోది గాలి. చదును రోడ్డు మీద వేగం పెరిగేకొద్దీ సైకిల్‌ను వెనక్కి పట్టి ఉంచేది ప్రధానంగా గాలే. వేగం రెట్టింపైతే గాలి నిరోధం నాలుగింతలవుతుంది. ముందున్న మనిషి ఆ గాలిని చీలుస్తుంటే, దగ్గరగా వెనక వచ్చేవాళ్లకు మంచి వేగంలో నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా శ్రమ తగ్గుతుంది. దీన్నే డ్రాఫ్టింగ్ అంటారు. ఒంటరిగా 20 దగ్గర రొప్పేవాళ్లు గుంపులో 24 దగ్గర కబుర్లు చెబుతూ తొక్కడానికి కారణం ఇదే. అయితే ఈ సాయానికి ఒక షరతు ఉంది. ముందున్న చక్రానికి దగ్గరగా ఉంటేనే అది అందుతుంది. దగ్గరగా ఉండాలంటే ముందున్న మనిషిని నమ్మాలి. మీ వెనకున్న మనిషి మిమ్మల్ని నమ్మాలి.

మీకు సరిపడే గుంపు ఏది?

హైదరాబాద్ బైసైక్లింగ్ క్లబ్ లాంటి పేరున్న సంస్థలు ఉన్నాయి, కాలనీ టీ కొట్టు దగ్గర పుట్టిన ఆరేడుగురి గుంపులూ ఉన్నాయి. పేరు చూసి చేరకండి. చేరే ముందు నాలుగు ప్రశ్నలు అడగండి.

*సగటు వేగం ఎంత?* కొత్తవాళ్ల రైడ్‌లు సాధారణంగా గంటకు 15–18 కిలోమీటర్ల మధ్య సాగుతాయి. అలవాటైనవాళ్లు 20–24లో వెళ్తారు. 28 దాటితే అది పోటీలకు సాధన చేసేవాళ్ల గుంపు. సగటు అనే మాటలో ఓ చిన్న మెలిక ఉంది. సగటు 22 అంటే సిగ్నళ్లు, ఎక్కుళ్లు, మలుపులు పోను చదునులో 26 దాకా తొక్కుతున్నారని అర్థం. మీ ఒంటరి సగటు కన్నా రెండు మూడు కిలోమీటర్లు మాత్రమే ఎక్కువున్న గుంపును ఎంచుకోండి.

*వెనకబడితే ఆగుతారా?* ఎవరినీ వదిలి వెళ్లని రైడ్‌ను 'నో డ్రాప్' రైడ్ అంటారు. అలాంటి రైడ్‌లో ముందు ఒక లీడర్, అందరికన్నా వెనక 'స్వీప్' అనే బాధ్యుడు ఉంటారు. స్వీప్‌ను దాటి ఎవరూ వెనకబడరు. మొదటి మూడు నెలలూ ఇలాంటి రైడ్‌లకే వెళ్లండి.

*దారి ఏది, ఎక్కడ ఆగుతారు?* ముందురోజే రూటు మ్యాప్ పంపి, అందరూ కలుసుకునే చోట్లు చెప్పే గుంపు మంచి గుంపు. చూద్దాం, వెళ్లాక తేలుద్దాం అనే గుంపులో కొత్తవాళ్లు దారి తప్పుతారు.

*హెల్మెట్ లేకపోతే రానిస్తారా?* రానిస్తామంటే ఆ గుంపు వద్దు. ఇందులో మొహమాటం పనికిరాదు.

ఆడవాళ్లు ఇంకో ప్రశ్న కూడా అడగాలి: గుంపులో ఆడవాళ్లు నిలకడగా వస్తున్నారా? ఒక్కసారి వచ్చి మానేసినవాళ్లే ఎక్కువగా ఉంటే లోపం వాళ్లలో వెతకనక్కర్లేదు. తెల్లవారుజామున ఒంటరిగా బయల్దేరడానికి జంకే మహిళకు గుంపే రక్షణ. అదే గుంపులో అడక్కుండా గేర్లు మార్చమని, సీటు దించమని సలహాలు కురిపించేవాళ్లు నలుగురుంటే ఆమె రెండోసారి రాదు. అడిగినప్పుడే చెప్పడం గుంపు మర్యాదల్లో మొదటిది.

రాత్రే సగం రైడ్ అయిపోవాలి

వేళకు రాని మనిషి కోసం పదిమంది ఎదురుచూస్తే, మన వేసవిలో దానికి తగ్గ మూల్యం ఎండలో చెల్లించాలి. ఏప్రిల్, మే నెలల్లో ఎనిమిదిలోపు ఇల్లు చేరాలంటే అయిదుకల్లా బయల్దేరాలి. కాబట్టి ఏర్పాట్లన్నీ ముందురాత్రే పూర్తి చేసుకోండి.

టైరు పక్క గోడ మీద ఎంత గాలి ఉండాలో అచ్చు వేసి ఉంటుంది. ఆ కనిష్ఠానికీ గరిష్ఠానికీ మధ్యలో ఉంచండి. బొటనవేలితో నొక్కి సరిపోయిందనుకోకుండా గేజ్ ఉన్న పంపు వాడండి. రెండు బ్రేకులూ నొక్కి చూడండి. గొలుసు పొడిగా కరకరలాడుతుంటే రెండు చుక్కల నూనె వేసి, పైన మిగిలినదాన్ని గుడ్డతో తుడిచేయండి. తుడవకపోతే దుమ్మంతా దానికే అంటుకుంటుంది.

సీటు ఎత్తు సరిచూసుకోవడానికి సులువైన పద్ధతి ఉంది. సీటు మీద కూర్చుని, పెడల్‌ను అన్నిటికన్నా కిందికి తెచ్చి, దాని మీద మడమ ఆనిస్తే కాలు నిటారుగా ఉండాలి. అప్పుడు పాదం ముందు భాగంతో తొక్కేటప్పుడు మోకాలు కొంచెం వంగి ఉంటుంది. నాకు సైక్లింగ్ పడదు, మోకాళ్లు నొప్పులంటున్నాయి అనేవాళ్లలో చాలామందికి సీటు మరీ కిందికి ఉంటుంది.

హెల్మెట్ కనుబొమల పైన రెండు వేళ్ల ఎడంలో, అడ్డంగా సమంగా కూర్చోవాలి. నుదురంతా బయటికి కనిపించేలా వెనక్కి వాలితే పెట్టుకున్నా పెట్టుకోనట్టే. ఒకసారి గట్టి దెబ్బ తగిలిన హెల్మెట్‌ను, పైకి బాగానే కనిపించినా, మళ్లీ వాడకూడదు. లోపలి నురుగు పొర ఒక్కసారే కాపాడుతుంది.

సంచిలో ఒక అదనపు ట్యూబు, టైరు విప్పే ప్లాస్టిక్ లీవర్లు, చిన్న పంపు, అలెన్ కీల సెట్టు ఉండాలి. సన్నటి ప్రెస్టా వాల్వు ఉన్న సైకిల్ అయితే ఒక చిన్న ఇత్తడి అడాప్టర్ కొని పెట్టుకోండి. అది లేకపోతే రోడ్డు పక్క పంక్చర్ షాపువాళ్ల గాలి గొట్టం మీ ట్యూబుకు ఎక్కదు. పంక్చర్ వేయడం నాకు రాదు, ఎవరో ఒకరు వేస్తారులే అని వెళ్లడం మర్యాద కాదు. ఇంట్లో కూర్చుని వెనక చక్రం విప్పి బిగించడం రెండుసార్లు సాధన చేయండి. వెనక ఎర్ర లైటు, ముందు తెల్ల లైటు తెల్లవారే దాకా వెలుగుతూనే ఉండాలి.

తిండి విషయం క్లుప్తంగా చెప్పుకుందాం. గంటలోపు రైడ్‌కు నీళ్లు చాలు. గంట దాటితే అరటిపండో, పల్లీపట్టీయో, ఖర్జూరాలో ఉండాలి. ఆకలి వేసే దాకా ఆగకుండా ముందే కొద్దికొద్దిగా తినండి. చెమట ఎక్కువ పట్టే నెలల్లో ఉట్టి నీళ్లు సరిపోవు. ఉప్పు, నిమ్మరసం కలిపిన నీళ్లు గానీ, ఉప్పు మజ్జిగ గానీ, ఓఆర్‌ఎస్ గానీ తీసుకోండి. రైడ్ ముగిశాక ఇడ్లీ కొట్టు దగ్గర కొన్నిసార్లు రైడ్ కన్నా ఎక్కువసేపు గడుస్తుంది. దాన్ని కాలహరణమనుకోకండి. గుంపు స్నేహంగా మారేది అక్కడే.

వరసలో పాటించాల్సిన ఆరు నియమాలు

1. గీత గీసినట్టు తొక్కండి. గుంత కనిపించగానే పక్కకు దూకడం ఒంటరిగా ఉన్నప్పుడు చెల్లుతుంది. వరసలో ఉన్నప్పుడు మీ పక్కన ఎవరున్నారో చూడకుండా తప్పుకోకూడదు. దూరంగా ఉండగానే గుంతను గుర్తించి, నెమ్మదిగా దారి మార్చండి.

2. బ్రేకు ఆఖరి అస్త్రం. వేగం కొంచెం తగ్గించాలంటే పెడల్ ఆపండి, నిటారుగా కూర్చోండి. ఛాతీకి తగిలే గాలే బండిని నెమ్మదింపజేస్తుంది. అప్పటికీ చాలకపోతే అరచేయి వెనక్కి చూపి, తర్వాత మెల్లగా బ్రేకు నొక్కండి.

3. చక్రం పక్కన చక్రం పెట్టకండి. మీ ముందు చక్రం, ముందున్నవాళ్ల వెనక చక్రం పక్కకు రాకూడదు. రెండూ తగిలితే ముందున్నవాళ్లు తూలి నిలదొక్కుకుంటారు, మీరు పడతారు. కొత్తవాళ్లు కనీసం ఒక సైకిల్ పొడవు ఎడం ఉంచండి. డ్రాఫ్టింగ్ లాభం కాస్త తగ్గినా ఫర్వాలేదు.

4. చూసింది వెనక్కి చేరవేయండి. గుంత ఉన్న వైపు వేలు చూపించడం, 'గుంత', 'కంకర', 'ఆగుతున్నాం' అని అరవడం, వెనకనుంచి కారు వస్తుంటే 'కార్ బ్యాక్' అనడం గుంపు భాష. పన్నెండో మనిషికి రోడ్డు కనిపించదు, ముందున్న వీపు మాత్రమే కనిపిస్తుంది. మధ్యలో ఒక్కరు మౌనంగా ఉంటే కబురు అక్కడే తెగిపోతుంది. చేయి తీయడానికి భయమైతే నోటితో చెప్పండి.

5. మీ వంతు వచ్చినప్పుడు వేగం పెంచకండి. కొత్తగా ముందుకొచ్చినవాళ్లు తామెంత బలవంతులో చూపించాలని అయిదు కిలోమీటర్లు పెంచుతారు. వెనక వరస ముక్కలవుతుంది. అప్పటిదాకా ఎంత వేగముందో అంతే ఉంచండి. అలిసిపోకముందే, వెనక్కి చూసుకుని పక్కకు తప్పుకుని వరస చివరికి చేరండి. ముందు రెండు నిమిషాలే ఉన్నా ఎవరూ తప్పుపట్టరు.

6. చూపు చక్రానికి అతికించకండి. ముందున్న చక్రాన్నే చూస్తూ పోతే ఆపద వచ్చాకే తెలుస్తుంది. ముందున్నవాళ్ల భుజం మీదుగా మూడు నాలుగు సైకిళ్ల అవతలికి చూడండి. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నవాళ్ల వెనక ఎవరూ నిశ్చింతగా తొక్కలేరు.

ఈ ఆరూ ఒక రోజులో రావు. ఒక్కో రైడ్‌కు ఒక్కో నియమం మీద దృష్టి పెట్టండి.

సైకిల్ దారి: ఓ మంచి బడి

ఈ సాధనకు హైదరాబాద్‌వాళ్లకు మంచి వసతే ఉంది. ఔటర్ రింగ్ రోడ్డు వెంట వేసిన సోలార్ కప్పు సైకిల్ ట్రాక్ 2023 అక్టోబర్ 1న ప్రారంభమైంది. నానక్‌రాంగూడ నుంచి పోలీస్ అకాడమీ వైపు 8.5 కిలోమీటర్లు, నార్సింగి నుంచి కొల్లూరు దాకా 14.5 కిలోమీటర్లు, అప్పటికి మొత్తం 23. దారి వెడల్పు 4.5 మీటర్లు, అందులో మూడు వరసలు. పైనున్న సోలార్ పలకల సామర్థ్యం 16 మెగావాట్లు. దక్షిణ కొరియాలో డేజన్, సేజోంగ్ నగరాల మధ్య హైవే నడుమ ఉన్న 32 కిలోమీటర్ల సోలార్ సైకిల్ దారి దీనికి స్ఫూర్తి. 158 కిలోమీటర్ల ఔటర్ ప్రధాన రహదారి మీదికి సైకిళ్లను, బైకులను రానివ్వరు. దాని వెంటే సైకిళ్లకంటూ నీడ ఉన్న దారి ఉండటం చిన్న విషయం కాదు.

అయితే కార్లు లేవు కదా అని ఇక్కడ అజాగ్రత్త పెరుగుతుంది. బైకులు లేని చోట ప్రమాదం మరో సైకిల్ రూపంలో వస్తుంది. చిన్న పిల్లలు అడ్డదిడ్డంగా తొక్కుతారు. నేర్చుకుంటున్నవాళ్లు తూలుతారు. సెల్ఫీ కోసం మధ్యలో ఆగేవాళ్లుంటారు. కాబట్టి ఎడమవైపు ఉండండి. కుడివైపునుంచి, బెల్లు కొట్టి, కాస్త ముందుగానే దాటండి. రద్దీ ఉన్నప్పుడు గుంపుగా వరస కట్టి వేగం చూపించకండి. ఆగాలంటే దారి పక్కకు పూర్తిగా తప్పుకుని ఆగండి. వేగంగా వెళ్లే మీకన్నా నెమ్మదిగా వెళ్లే పిల్లవాడికే దారి మీద హక్కు ఎక్కువని అనుకుంటే గొడవే ఉండదు.

ట్రాక్ మీద వేగం పెంచుకోవడం కన్నా ఈ నాలుగూ నేర్చుకోవడం మేలు: దారి మీది తెల్ల గీత పక్కనే తూలకుండా అర కిలోమీటరు తొక్కడం, బండి పక్కకు పోకుండా భుజం మీదుగా వెనక్కి చూడటం, ఒక చేత్తో నీళ్ల సీసా తీసి, తాగి, కిందికి చూడకుండా మళ్లీ పెట్టడం, ఒక స్నేహితుడి వెనక అదే ఎడంతో పది నిమిషాలు సాగడం. ఇవి వచ్చిన రోజున మీరు రోడ్డు రైడ్‌కు సిద్ధమైనట్టే.

ట్రాక్ లేని ఊళ్లలో తెల్లవారుజామునే ట్రాక్‌గా మార్చుకోవచ్చు. విశాఖ ఆర్కే బీచ్ రోడ్డులో కొంత భాగాన్ని ఉదయం నడిచేవాళ్ల కోసం వాహనాలకు మూసి ఉంచుతారు. అక్కడ నడిచేవాళ్లకే పెద్దపీట కాబట్టి నెమ్మదిగా సాగాలి. మిగతా ఊళ్లలో స్టేడియం చుట్టుపక్కల వీధులు, యూనివర్సిటీ ఆవరణలు ఈ పనికి వస్తాయి. అనుమతి అడిగి లోపలికి వెళ్లండి.

అసలు రోడ్డు మీదికి

ట్రాక్ ఎక్కడో ఒకచోట ముగుస్తుంది. మన రోడ్డుకు దాని పద్ధతులు దానికున్నాయి. వాటిని తిట్టుకుంటూ తొక్కేవాళ్లకన్నా ముందే ఊహించి తొక్కేవాళ్లు క్షేమంగా ఇల్లు చేరతారు.

కోతల కాలంలో పల్లె రోడ్ల మీద వడ్లు ఆరబోస్తారు. వాటి అంచుకు రాళ్లు పేర్చి ఉంటారు. గింజల మీద సన్న టైరు జారుతుంది. పైగా అది రైతు కష్టార్జితం. దిగి నడిపించుకు వెళ్లడం రెండు విధాలా మేలు. వెనక లైటు లేని ట్రాక్టర్ ట్రాలీలు చీకట్లో ఆగి ఉంటాయి. రాంగ్ రూట్‌లో బైకులు ఎడమ అంచునే ఎదురొస్తాయి. ఆగి ఉన్న కారు తలుపు ఏ క్షణాన్నైనా తెరుచుకోవచ్చు కాబట్టి మీటరు ఎడంగా సాగండి. లారీకి ఎడమ పక్కన నిలబడకండి, డ్రైవర్‌కు మీరు కనిపించరు. వానాకాలంలో నీళ్లు నిలిచిన చోట గుంత లోతు తెలియదు, తడిసిన తెల్ల గీతలు, మ్యాన్‌హోల్ మూతలు జారుతాయి. వాటి మీద మలుపు తిప్పడం, బ్రేకు వేయడం రెండూ వద్దు.

కుక్కలు వెంటపడితే కాలు ఝాడించకండి, పడిపోతారు. వేగం తగ్గించి గట్టిగా అదిలించండి. అప్పటికీ వదలకపోతే దిగి, సైకిల్‌ను మీకూ దానికీ మధ్య ఉంచి నడవండి. చాలాసార్లు సైకిల్ ఆగగానే వాటి ఆసక్తి పోతుంది.

తెల్లవారుజామున అయిదింటికి ఖాళీగా ఉన్న కూడలిలో ఎర్ర లైటు పడితే ఏం చేస్తారు? ఆగండి. జెర్సీ వేసుకున్న పదిమంది సిగ్నల్ దాటితే చూసినవాళ్లకు 'సైకిల్‌వాళ్లు' అనే అభిప్రాయం ఏర్పడుతుంది. దాని ఫలితం ఆ తర్వాత ఆ దారిన వచ్చే ప్రతి సైకిల్‌కూ తగులుతుంది.

కొత్తవాళ్లకు హైదరాబాద్‌లో గండిపేట, చిలుకూరు వైపు రోడ్లు తొలి రైడ్‌లకు అనువు. కాస్త అలవాటయ్యాక మొయినాబాద్ దాటి చేవెళ్ల దారిలో పెద్ద పెద్ద మర్రిచెట్ల నీడన తొక్కవచ్చు. ఆ తర్వాతి లక్ష్యంగా సుమారు 80 కిలోమీటర్ల దూరంలో, వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండల్ని పెట్టుకోండి. విశాఖవాళ్లకు ఆర్కే బీచ్ నుంచి రుషికొండ మీదుగా భీమిలి దాకా దాదాపు 30 కిలోమీటర్ల సముద్రపు దారి ఉంది. నైరుతి గాలులు వీచే నెలల్లో ఈ దారి మనిషిని మోసం చేస్తుంది. వెళ్లేటప్పుడు గాలి వెనకనుంచి తోస్తుంటే అదంతా మన కాళ్ల బలమే అనిపిస్తుంది. తిరుగు ప్రయాణంలో అదే గాలి మొహాన కొడుతుంది. అందుకే పోయేటప్పుడు బలంలో మూడో వంతుకు మించి ఖర్చు పెట్టకూడదు.

వెనకబడటం అవమానం కాదు

ఎక్కుడు దగ్గర వరస సాగిపోతుంది. మీరు వెనకబడతారు. అప్పుడు చాలామంది చేసే పని, ఊపిరి అందకపోయినా పళ్లు బిగించి పట్టుకోవడం. పది నిమిషాల తర్వాత కాళ్లు పూర్తిగా చచ్చుబడతాయి, గుంపంతా ఆగాల్సి వస్తుంది. దానికి బదులు ముందే 'నేను నా వేగంతో వస్తాను' అని చెప్పండి. తేలిక గేరులో నిమిషానికి 80 చుట్లకు దగ్గరగా కాళ్లు తిప్పుతూ ఎక్కండి. పైన అందరూ మీ కోసం ఆగుతారు. గుంపు మీ వేగాన్ని క్షమిస్తుంది. మీరు దాచిపెట్టిన అలసట వల్ల కలిగే ఇబ్బందిని క్షమించడం కష్టం. ఇంటికి మధ్యలో వెళ్లిపోవాలనుకుంటే స్వీప్‌కు చెప్పి వెళ్లండి. చెప్పకుండా వెళ్లిన ఒక్కరి కోసం నలుగురు వెనక్కి తొక్కుకుంటూ వెతుకుతారు.

ఆర్నెల్ల తర్వాత మీరే స్వీప్‌గా ఉంటానని ముందుకు రండి. ఈ అధ్యాయంలో వ్యక్తిత్వానికి అన్నిటికన్నా గట్టి పరీక్ష ఇదే. స్వీప్‌గా ఉన్నవాళ్లు తమ వేగాన్ని మరిచిపోయి ఇంకొకరి వేగంతో తొక్కాలి. వెనకబడ్డ కొత్తవాళ్లు అయిదోసారి ఆగి క్షమించండి అన్నప్పుడు విసుగు కనిపించకుండా నీళ్లు అందించాలి. ఆఫీసులో బృందాన్ని నడిపేవాళ్లు నెల రోజులు స్వీప్ పని చేస్తే, తమ బృందంలో ఎవరు ఎక్కడ వెనకబడుతున్నారో చూసే కన్ను వస్తుంది. ముందుండి నడిపించడం అందరికీ కనిపిస్తుంది. వెనకుండి నడిపించడం వెనకబడ్డవాళ్లకే తెలుస్తుంది.

నిలకడ వేగాన్ని ఎలా ఓడిస్తుందో చూడాలంటే బీఆర్‌ఎం అనే దూర ప్రయాణ రైడ్‌ల లెక్క చూడండి. పారిస్‌లోని ఒడాక్స్ క్లబ్ పారిసియన్ నిబంధనల ప్రకారం మన దేశంలోనూ ఈ దూర ప్రయాణాలు జరుగుతాయి. తెలుగు నగరాల సైక్లిస్టులు వీటిలో పాల్గొంటున్నారు. 200 కిలోమీటర్లకు 13న్నర గంటలు, 300కు 20, 400కు 27, 600కు 40 గంటల గడువు. మొదటిదాన్ని భాగహారం చేసి చూడండి: గంటకు పదిహేను కిలోమీటర్లు కూడా కాదు, తిండికీ విశ్రాంతికీ ఆగిన సమయంతో కలిపి. వీటిలో మొదటి స్థానం, రెండో స్థానం ఉండవు. గడువులో చేరినవాళ్లంతా సమానమే. ఒకే సీజన్‌లో ఈ నాలుగూ పూర్తి చేసినవాళ్లను సూపర్ రాండనర్ అంటారు. 1891లో మొదలై, ఇప్పుడు నాలుగేళ్లకోసారి జరుగుతున్న 1,200 కిలోమీటర్ల పారిస్–బ్రెస్ట్–పారిస్ రైడ్‌కు గరిష్ఠ గడువు 90 గంటలు. 2023లో జరిగింది, తర్వాతిది 2027లో. ఆ దూరాన్ని ఆ గడువులో దాటడానికి కావలసిన సగటు గంటకు 13 కిలోమీటర్ల పైచిలుకు. మీ కాలనీ పాలబ్బాయి వేగం దాదాపు అంతే ఉంటుంది. తేడా ఆగకుండా సాగడంలో ఉంది.

నాలుగు వారాల పని

*మొదటి వారం:* సీటు ఎత్తు, హెల్మెట్, టైరు గాలి సరిచేసుకోండి. ఒంటరిగా రెండుసార్లు అరగంట చొప్పున తొక్కండి. ఇంట్లో వెనక చక్రం విప్పి బిగించండి.

*రెండో వారం:* ట్రాక్ మీదో, ఖాళీ వీధిలోనో పైన చెప్పిన నాలుగు మెళకువలు సాధన చేయండి. ఒక స్నేహితుణ్ణి తోడు తీసుకెళ్లండి.

*మూడో వారం:* ఆగకుండా 25 కిలోమీటర్లు మీ సొంత వేగంతో పూర్తి చేయండి. సగటు ఎంతో చూసుకోండి. ఆ సగటుకు దగ్గరున్న గుంపును వెతికి నాలుగు ప్రశ్నలూ అడగండి.

*నాలుగో వారం:* మొదటి నో డ్రాప్ రైడ్‌కు వెళ్లండి. లీడర్‌కు 'నేను కొత్త' అని ముందే చెప్పండి. వరస చివరి సగంలో ఉండండి. రైడ్ అయ్యాక, నా వెనక తొక్కడం ఇబ్బందిగా ఉందా అని మీ వెనకున్నవాళ్లను అడగండి. ఏ యాప్ చూపించే వేగం కన్నా ఆ జవాబు ముఖ్యం.

దారి ఎవరిది?

చివరగా క్లబ్బు సభ్యులందరూ గుర్తుంచుకోవాల్సిన మాట ఒకటుంది. 2011 జనగణన నాటికి మన దేశంలో దాదాపు 45 శాతం ఇళ్లల్లో సైకిల్ ఉంది. వాళ్లలో అత్యధికులకు అది వ్యాయామ సాధనం కాదు. పాలు, పేపర్లు వేసేవాళ్లు, రాత్రి కాపలా ముగించి ఇంటికి వెళ్లేవాళ్లు, ఫ్లాస్కు కట్టుకుని టీ అమ్మేవాళ్లు, కూలికి వెళ్లేవాళ్లు: మన ఊళ్లలో అసలు సైక్లిస్టులు వీళ్లే. ఔటర్ పక్కనున్న ట్రాక్ వ్యాయామానికి మంచి దారి. ఇంటి నుంచి పనికి, బస్తీ నుంచి బడికి వెళ్లే సైకిల్‌కు ఇంకా అలాంటి దారి లేదు. రోడ్డు అంచున రంగు పూసి సైకిల్ బొమ్మ వేసినంత మాత్రాన అది దారి కాదు. దాని మీద కార్లు ఆగకుండా చూడాలి, కూడళ్ల దగ్గర తెగిపోకుండా చూడాలి.

ఆ పని అడగగలిగే గొంతు క్లబ్బులకుంది. 2018 నుంచి జూన్ 3ను ప్రపంచ సైకిల్ దినోత్సవంగా జరుపుతున్నారు. ఆ రోజు టీషర్టులు పంచి ఫొటోలు దిగడంతో ఆగిపోకుండా, మీ వార్డులో బడికి వెళ్లే పిల్లల దారి ఒక్కటి ఎంచుకుని, దాని మీదున్న అడ్డంకుల జాబితా రాసి మున్సిపల్ ఆఫీసులో ఇచ్చి రండి. తర్వాతి నెల మళ్లీ వెళ్లి ఏమైందో అడగండి. అది కూడా గుంపుగానే వెళ్లండి.

ఇక ఈ ఆదివారం మీ సంగతి. పుస్తకం మూసి టైర్లలో గాలి చూసుకోండి, అలారం పెట్టుకోండి, రైడ్ లీడర్‌కు వస్తున్నానని మెసేజ్ పంపండి. పంపాక మాత్రం వెళ్లి తీరండి, చెప్పిన వేళకు పది నిమిషాల ముందే.